ఆదివారం రాత్రి వచ్చే కడుపునొప్పి

ప్రశ్న

సూర్యాపేట జిల్లాలోని ఒక పల్లె నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఆమె పదో తరగతి వరకు చదివి, ఇంట్లో మిషన్ కుడుతున్నారు. భర్త వరికోత మిషన్ డ్రైవరు. కోతలు మొదలైతే నెలల తరబడి ఇంటికి రారు. పదకొండేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల బాబు. అత్తగారు వీళ్లతోనే ఉంటారు.

అమ్మాయి ఐదో తరగతి దాకా ఊళ్లో బడిలోనే చదివింది. బడి మొత్తానికి ఇరవై ముగ్గురు పిల్లలు, ఇద్దరు టీచర్లు. ప్రార్థన చెప్పించేది తనే, చిన్న పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పించేదీ తనే. జూన్‌లో ఆరు కిలోమీటర్ల దూరంలో మండల కేంద్రంలో ఉన్న జడ్పీ హైస్కూల్లో ఆరో తరగతిలో చేర్చారు. ఐదో తరగతిలో తనతో పాటు ఇద్దరే అమ్మాయిలు. ఒకరు గురుకులానికి వెళ్లారు, ఇంకొకరిని ప్రైవేటు బడిలో వేశారు. ఊరి నుంచి అదే తరగతిలో ఇద్దరు మగపిల్లలున్నారు కానీ వాళ్లు ఈ అమ్మాయితో మాట్లాడరు.

మొదటి రెండు వారాలు హుషారుగా వెళ్లింది. జూలై నుంచి మారిపోయింది. ఆదివారం సాయంత్రం కాగానే ముభావంగా ఉంటుంది, రాత్రికి కడుపు నొస్తోందంటుంది, సోమవారం పొద్దున ఏడుపు. పీహెచ్‌సీలో చూపిస్తే ఏమీ లేదన్నారు. బడిలో పెట్టే మొదటి మదింపు ఎఫ్ఏ-1లో లెక్కల్లో 20కి 8, హిందీలో 5. హిందీ పీరియడ్‌లో చదవమని నిలబెడితే రాలేదని, పిల్లలు నవ్వారని ఒకసారి చెప్పింది. మళ్లీ అడిగితే చెప్పలేదు. నీళ్ల సీసా నింపి పంపితే సాయంత్రం అలాగే తిరిగొస్తోంది. "నేను మన బడికే పోతా, మళ్లీ ఐదో తరగతే చదువుతా" అంటుంది.

"మా ఆయన జూన్‌లోనే ప్రైవేట్లో వేస్తే అయిపోయేది అంటున్నాడు. మా అత్తమ్మ ఆడపిల్లను అంత దూరం పంపుడెందుకు, ఇంటి దగ్గర ఉంచి మిషన్ నేర్పు అంటున్నది. మా ఆడబిడ్డ కూతురు సూర్యాపేటల ప్రైవేటు బడిల చదువుతది, హిందీ, ఇంగ్లీషు గడగడ చదువుతది, అందరూ ఆమెతోనే పోలుస్తున్నరు. పోయిన సోమవారం కోపం ఆపుకోలేక కొట్టిన. తర్వాత నేనే ఏడ్చిన. ఇది బద్ధకమా, భయమా? బడి మార్చాల్నా? ట్యూషన్ పెట్టాల్నా? ఇట్లనే వదిలేస్తే అలవాటవుతదా?"

సమాధానం

అమ్మా, మీరు ముఖ్యంగా అడిగింది బడి మార్చాలా వద్దా అని. ఉత్తరంలో మాటవరసకు అన్నట్టు రెండు సంగతులు కూడా రాశారు. నీళ్ల సీసా నిండుగా తిరిగొస్తోందని ఒకటి, ఊరి నుంచి తోడు అమ్మాయిలెవరూ లేరని రెండోది. నేనైతే ఆ రెండింటితోనే మొదలుపెడతాను. బడి మార్చే సంగతి తర్వాత.

బద్ధకమా అని అడిగారు కాబట్టి అది ముందు చెబుతాను. కాదు. బద్ధకం ఉన్న పిల్ల మళ్లీ ఐదో తరగతి చదువుతాననదు, బడే వద్దంటుంది. మీ అమ్మాయి బడినే కోరుకుంటోంది, తను తనలా ఉండగలిగిన బడిని.

జూన్‌లో తనకు ఏం జరిగిందో ఒకసారి ఆలోచించండి. ఊరి బడిలో తనే పెద్ద. ఇక్కడ ఆరో తరగతి అంటే అందరికంటే చిన్న, పదో తరగతి పిల్లలు వరండాలో నడిచొస్తుంటే పక్కకు తప్పుకోవాలి. అక్కడ తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు అన్నీ టీచరమ్మే చెప్పేది. ముఖం చూసి పొద్దున తిన్నావా లేదా అని అడిగేది. ఇక్కడ బెల్లు కొట్టినప్పుడల్లా టీచరు మారతారు. ఒక్కో టీచరు నాలుగైదు తరగతులకు వెళ్లాలి, అంటే దాదాపు రెండు వందల ముఖాలు. జూలై, ఆగస్టు దాకా ఆరో తరగతి పిల్లల పేర్లు కూడా వాళ్లకు సరిగ్గా గుర్తుండవు. అది వాళ్ల తప్పు కాదు. ఐదేళ్లు పేరు పెట్టి పిలిపించుకున్న పిల్లకు మాత్రం తను అక్కడ లేనట్టే అనిపిస్తుంది.

ఇంకో సంగతి పెద్దవాళ్లకు తొందరగా కనబడదు. ఆరో తరగతిలోకి పిల్లలు చుట్టుపక్కల ఊళ్ల బడుల నుంచి గుంపులు గుంపులుగా వస్తారు. మండల కేంద్రంలోని ప్రాథమిక పాఠశాల నుంచి ఒకేసారి పది పదిహేను మంది వచ్చి ఉంటారు. వాళ్లకు బెంచీలు, ఆటలు, అన్నం దగ్గర కూర్చునే చోటు అన్నీ మొదటి వారంలోనే కుదిరిపోతాయి. ఒంటరిగా వచ్చిన పిల్ల ఎక్కడ కూర్చోవాలో రోజూ కొత్తగా వెతుక్కోవాలి. మొదటి రెండు వారాలు కొత్త పుస్తకాలు, కొత్త యూనిఫాం సరదాలో అది తెలియదు. జూలైలో తెలుస్తుంది. మీ అమ్మాయి మారింది కూడా అప్పుడే.

ఇక నీళ్ల సీసా. పిల్ల నీళ్లు తాగడం లేదంటే చాలాసార్లు కారణం బాత్రూమే. అది శుభ్రంగా లేకపోవచ్చు, గడియ పడకపోవచ్చు, పెద్ద తరగతుల అమ్మాయిలు అక్కడే నిలబడి ఉండవచ్చు, లేదా పీరియడ్ మధ్యలో వెళ్తానని కొత్త టీచర్లను అడగడానికి సిగ్గు కావచ్చు. పొద్దున బస్సెక్కిన దగ్గర నుంచి సాయంత్రం ఇల్లు చేరేదాకా ఆపుకునే ఆడపిల్లలు మన బడుల్లో ఎంతోమంది ఉన్నారు. అలా ఆపుకుంటే, నీళ్లు మానేస్తే కడుపు నిజంగానే నొస్తుంది, తల కూడా నొస్తుంది. మూత్రానికి వెళ్లేటప్పుడు మంట ఉందా అని మెల్లగా అడగండి. ఉందంటే పీహెచ్‌సీలో మూత్ర పరీక్ష చేయించండి, మొదటిసారి ఆ కోణంలో చూసి ఉండకపోవచ్చు.

మధ్యాహ్నం బడిలో అన్నం తింటోందా అన్నది మీరు రాయలేదు, అదీ కనుక్కోండి. ఒక్కతే కూర్చుని తినడం ఇష్టంలేక పళ్లెం పట్టుకుని వెళ్లకుండా ఉండిపోయే పిల్లలుంటారు. దీనికి ఇంకో ముడి ఉంది. ఆరో తరగతి నుంచి సర్కారు బడుల్లో పిల్లలకు వారానికోసారి ఐరన్ మాత్ర ఇస్తారు, నీలం రంగులో ఉంటుంది. మంచి మాత్రే, మానవద్దు. కానీ ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, నొప్పి కూడా రావచ్చు. అన్నం మానేసి మాత్ర మాత్రం మింగితే ఆ రోజంతా అవస్థే. మాత్ర ఇచ్చే రోజు ఏదో తెలుసుకుని, ఆ రోజు కడుపు నిండా తినాలని చెప్పండి.

అయితే ఈ నొప్పి ఆదివారం రాత్రి వస్తోంది, ఆ రోజు బడీ లేదు, మాత్రా లేదు. కాబట్టి అందులో టెన్షన్ వాటా ఎక్కువే ఉంది. టెన్షన్ వల్ల వచ్చే కడుపునొప్పి కూడా నొప్పే అమ్మా. పిల్ల నటించడం లేదు. "డాక్టరు ఏం లేదన్నాడు కదా, లే" అంటే, తన మాట మీరు నమ్మడం లేదని అర్థం చేసుకుంటుంది, ఆ తర్వాత చెప్పడమే మానేస్తుంది. హిందీ క్లాసు సంగతి ఒకసారి చెప్పి మళ్లీ నోరు విప్పలేదని రాశారు. ఇంట్లో అందరూ మేనత్త కూతురితో పోలుస్తున్నప్పుడు, తరగతిలో నవ్విన సంగతి మళ్లీ మళ్లీ ఎలా చెబుతుంది?

కొట్టినందుకు మీరు ఎంత బాధపడుతున్నారో ఉత్తరంలోనే తెలుస్తోంది. ఆ మాట పిల్లతో కూడా అనండి. "ఆ రోజు కొట్టి తప్పు చేశాను, మళ్లీ కొట్టను" అంటే చాలు, ఇంకేమీ కలపకండి. "నువ్వు అట్ల ఏడ్చినందుకే" అని చేర్చారంటే అది క్షమాపణ కాదు. తల్లి తప్పు ఒప్పుకుంటే పిల్ల నెత్తికెక్కుతుందని అత్తగారు అనవచ్చు. ఎక్కదు. మీ దగ్గర మాట్లాడటానికి తనకు ధైర్యం వస్తుంది, ఇప్పుడు మీకు కావలసిందీ అదే.

మాట్లాడించడానికి సోమవారం పొద్దున మంచి సమయం కాదు. ఆదివారం రాత్రీ కాదు. బుధవారమో గురువారమో సాయంత్రం, తిన్న తర్వాత, మీరు మిషన్ కుడుతూ తనకు గుండీలు కుట్టే పనో, కాజాలు చూసే పనో ఇచ్చి మాట్లాడండి. ఎదురుగా కూర్చోబెట్టి ముఖంలోకి చూస్తూ అడిగితే పోలీసు విచారణలా ఉంటుంది. చేతిలో పని ఉంటే పిల్లలకు మాట తేలిగ్గా వస్తుంది. "బడి ఎట్లుంది?" అంటే "మంచిగుంది" అని ఊరుకుంటుంది. దాని బదులు రోజును పొద్దుటి నుంచి నడిపించండి. బస్సులో సీటు దొరుకుతుందా, పక్కన ఎవరు కూర్చుంటారు? ప్రార్థనలో ఎక్కడ నిలబడతావు? ఏ పీరియడ్ తొందరగా అయిపోతుంది, ఏది ఎంతకీ అవదు? అన్నం ఎవరి పక్కన తింటావు? బాత్రూంకు ఎప్పుడు వెళ్తావు? నాలుగైదు సాయంత్రాల్లో కొంచెం కొంచెంగా వస్తుంది. విన్న వెంటనే సలహా చెప్పకండి. "నేను వచ్చి ఆ సారుతో తేల్చుకుంటా" అని అసలే అనకండి, దాంతో తను భయపడి తలుపు మూసేస్తుంది.

అప్పుడు కష్టమంతా బడి మీద ఉందా, రోజులో రెండు మూడు చోట్ల ఉందా అన్నది తేలుతుంది. రెండు మూడు చోట్లే అయితే, నేను అలాగే అనుకుంటున్నాను, వాటిని సరిచేయవచ్చు.

హిందీ సంగతి చూద్దాం. ఊరి సర్కారు బడిలో చదివిన పిల్లలకు హిందీ ఆరో తరగతిలోనే మొదలవుతుంది. ప్రైవేటు బడి నుంచి వచ్చిన పిల్లలు ఒకటో తరగతి నుంచే నేర్చుకుని ఉంటారు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటే మీ అమ్మాయికి తనొక్కతే వెనకబడ్డట్టు అనిపిస్తుంది. వెనకబడలేదు, ఇప్పుడే మొదలుపెట్టింది. ఈ మాట తనకు సూటిగా చెప్పండి. మేనత్త కూతురు ఐదేళ్లు నేర్చుకున్నది, తను రెండు నెలలు నేర్చుకున్నది. ఇంకో మంచి మాట కూడా ఉంది. తెలుగు వచ్చిన పిల్లకు హిందీ అక్షరమాల సగం వచ్చినట్టే. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ, వరస అంతా మనదే, గుణింతం పద్ధతీ మనదే. మనకున్న ఎ ఏ తేడా, ఒ ఓ తేడా అక్కడ లేవు. కొత్తవి అక్షరాల ఆకారాలే. రోజుకు నాలుగైదు అక్షరాలు, పక్కనే తెలుగు అక్షరం రాసుకుంటూ వెళ్తే దసరా నాటికి కూడబలుక్కుని చదవగలుగుతుంది. పదో తరగతి దాకా మీరూ హిందీ చదివారు కదా, పక్కన కూర్చుని మీరూ రాయండి. మరిచిపోయి ఉంటే ఇంకా మంచిది, తను మీకు నేర్పుతుంది. ఊరి బడిలో చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పిన పిల్ల అది, నేర్పడంలో తనకున్న ఆనందం మళ్లీ కొంత దొరుకుతుంది. కితాబ్ స్త్రీలింగం, కమ్రా పుంలింగం అనే చిక్కులు తర్వాత వస్తాయి, వాటి దగ్గర మనందరం తడబడ్డవాళ్లమే.

లెక్కల్లో 8 అన్నది ముందు విప్పి చూడాలి. ఎఫ్ఏ మార్కులు ఒక్క పరీక్షవే కావు. నోట్సులు, ప్రాజెక్టు పని, తరగతిలో పాల్గొనడం, స్లిప్ టెస్టు అనే చిన్న రాతపరీక్ష, అన్నీ కలిపి 20. లెక్క రాక మార్కులు పోయాయా, నోట్సు అప్పజెప్పక పోయాయా? ఆరో తరగతిలో చాలామందికి రెండోదే జరుగుతుంది. అప్పటిదాకా టీచరమ్మ అడిగి తీసుకునేది. ఇప్పుడు ఆరు సబ్జెక్టులు, ఆరు రకాల నోట్సులు, ఎవరికి ఏ రోజు ఇవ్వాలో గుర్తుపెట్టుకోవాలి. ఇది తెలివితేటల సంగతి కాదు, నేర్చుకోవలసిన పని. టైంటేబుల్‌ను పెద్ద అక్షరాలతో రాసి మీ మిషన్ పక్కన గోడకు అంటించండి. రాత్రి పడుకునే ముందు తను చూసి చదవాలి, తనే బ్యాగు సర్దాలి. మీరు సర్దకండి. పొద్దున హడావుడి తగ్గితే ఏడుపూ కొంత తగ్గుతుంది.

ఒకవేళ లెక్కే రాలేదంటే, భాగహారం, భిన్నాలు అడిగి చూడండి. ఐదో తరగతి లెక్కలు గట్టిగా లేకపోతే ఆరో తరగతి లెక్కలు నిలబడవు. ట్యూషన్ అవసరమైతే దీనికే. అన్ని సబ్జెక్టులకూ కలిపి రెండు గంటలు కూర్చోబెట్టే ట్యూషన్ వద్దు. బడి నుంచి అలసిపోయి వచ్చిన పిల్లకు అది రెండో బడి. ఊళ్లో డిగ్రీ చదివే అమ్మాయి ఎవరైనా ఉంటే, వారానికి మూడు రోజులు, అరగంట, లెక్కలు మాత్రమే చెప్పించండి.

మిగతా పాఠాలకు మీ ఇంట్లోనే ఒక సాయం ఉంది. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చినప్పుడు పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో ఇచ్చారు, ఒక పేజీ ఇంగ్లీషు, దాని పక్కనే తెలుగు. ఊరి బడిలో ఇంగ్లీషు పేజీ ఉన్నా టీచరమ్మ తెలుగులోనే విడమరిచి చెప్పి ఉంటారు. హైస్కూల్లో ఇంగ్లీషు ఎక్కువ వినబడుతుంది. రేపు జరగబోయే సైన్స్ పాఠం, సోషల్ పాఠం ఈ రాత్రి తెలుగు పేజీలో ఒకసారి చదువుకుని వెళ్తే, రేపు ఇంగ్లీషులో చెప్పినా సంగతి ఏమిటో తెలుస్తుంది. పిల్లలు మామూలుగా అయిపోయిన పాఠం చదువుతారు. ఈ సంవత్సరం మాత్రం జరగబోయేది చదివించండి. క్లాసులో ఒక్క ప్రశ్నకు చెయ్యెత్తగలిగినా ఆ వారం నడిచే తీరు వేరుగా ఉంటుంది.

ఇప్పుడు బడికి వెళ్లి మాట్లాడే సంగతి. వెళ్లాలి. కానీ నేరుగా హెచ్ఎం (హెడ్మాస్టర్) గదికి వద్దు, ముందు క్లాస్ టీచరు దగ్గరకు వెళ్లండి. హాజరు తీసుకునేది వారే. పొద్దున బడి మొదలయ్యే వేళ వాళ్లకు ఊపిరాడదు, లంచ్ అయ్యాకో సాయంత్రమో వెళ్లండి. ఫిర్యాదులా కాకుండా మీ అమ్మాయిని పరిచయం చేసినట్టు మాట్లాడండి: "మా అమ్మాయి ఊళ్లో బడిలో ప్రార్థన చెప్పించేది సార్, ఇక్కడ తోడు ఎవరూ లేక బెదిరిపోయింది. మీరు ఒకసారి పేరు పెట్టి పలకరిస్తే ధైర్యం వస్తది." దాంతో పాటు రెండు చిన్న కోరికలు కోరండి. నెమ్మదైన అమ్మాయి పక్కన బెంచీలో కూర్చోబెట్టమనండి. నల్లబల్ల తుడవడమో, రిజిస్టరు తీసుకెళ్లడమో ఏదో ఒక పని అప్పజెప్పమనండి. పని ఉన్న పిల్లకు తరగతిలో చోటు ఉంటుంది. బాత్రూం సంగతి మాత్రం ఆ బడిలో ఉన్న మేడం ఎవరితోనైనా విడిగా మాట్లాడండి. హిందీ టీచరును, "అక్షరాలు వచ్చేదాకా అందరి ముందు నిలబెట్టి చదివించకండి, ఇంటి దగ్గర రాయిస్తున్నాను" అని అడగండి. చాలామంది టీచర్లు వింటారు. వినకపోతే అప్పుడు హెచ్ఎం ఉన్నారు.

ఇంకో దారి ఉంది, మీ ఊరి టీచరమ్మ. మండలంలో ప్రాథమిక పాఠశాలలన్నీ ఏదో ఒక హైస్కూలు కింద కాంప్లెక్సుగా ఉంటాయి, కాంప్లెక్స్ మీటింగుల్లో ఈ టీచర్లందరూ కలుస్తుంటారు. ఆ హైస్కూల్లో ఎవరో ఒకరు ఆమెకు తప్పక తెలిసి ఉంటారు. మీరు పది మాటల్లో చెప్పేది ఆమె ఒక్క ఫోన్‌లో చెప్పగలరు. అమ్మాయి సెలవు రోజుల్లో, బడి వదిలాక ఆమెను కలవాలనుకుంటే ఆపకండి. పాత బడి మీద ప్రేమ ఉన్నందువల్ల కొత్త బడి చేదవదు.

ఇవన్నీ చేయడానికి దసరా సెలవుల దాకా సమయం పెట్టుకోండి. అప్పటికీ కుదరలేదంటే ఏమేం దారులున్నాయో ఇప్పుడే చెబుతాను, మీ ఆయనతో మాట్లాడటానికి పనికొస్తుంది.

ప్రైవేటు బడికి మార్చాలన్నది ఆయన మాట. వ్యాను ఇంటి ముందుకు వస్తుంది, తోటి స్నేహితురాలు చదివే బడే అయితే తోడూ దొరుకుతుంది. ఇవి చిన్న లాభాలు కావు. కానీ సంవత్సరం మధ్యలో చేరితే అక్కడ కూడా తను కొత్త పిల్లే, అప్పటికి గుంపులు ఇంకా గట్టిపడి ఉంటాయి. హిందీలో పోల్చుకోవలసింది ఒకటో తరగతి నుంచి చదివిన పిల్లలతో. ఇప్పుడు బాధపెడుతున్నవి రెండూ అక్కడ ఎక్కువవుతాయి. ఫీజు ఈ ఒక్క ఏడాదితో పోదు, పదో తరగతి దాకా ఐదేళ్లు కట్టాలి. కోత మిషన్ సంపాదన ఏడాదంతా ఉండేది కాదు. మధ్యలో కట్టలేక మళ్లీ సర్కారు బడికి తెస్తే పిల్లకు రెండోసారి ఇదే బాధ. కట్టగలమని ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకుని, అమ్మాయి కూడా కోరుకుంటే, వచ్చే జూన్‌లో ఏడో తరగతికి మార్చండి. ఈ ఆగస్టులో వద్దు.

కేజీబీవీ, గురుకులం, మోడల్ స్కూల్ కూడా మీ మనసులో ఉండి ఉంటాయి. మంచి బడులే. కేజీబీవీ ఆడపిల్లలకే ఉన్న వసతి బడి, ఆరో తరగతి నుంచే మొదలవుతుంది. గురుకులాలు, మోడల్ స్కూళ్లలో ఖాళీలుంటే పై తరగతుల్లోకి ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకుంటారు. అయితే ఆదివారం రాత్రి ఇల్లు వదలాలంటే కడుపునొప్పి వచ్చే పిల్లను ఇప్పుడు హాస్టల్లో వదిలితే, ఏడ్చినందుకు ఇంట్లోంచి పంపేశారని అనుకుంటుంది. తను నిలదొక్కుకున్నాక, గురుకులంలో ఉన్న స్నేహితురాలితో మాట్లాడి తనే వెళ్తానంటే, అప్పుడు పంపండి.

చుట్టుపక్కల ఊళ్లో ప్రాథమికోన్నత పాఠశాల ఉందేమో కనుక్కోండి. అక్కడ పిల్లలు తక్కువ, టీచర్లు తక్కువ, ఊరి బడి లాగానే ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒక సర్కారు బడి నుంచి ఇంకో సర్కారు బడికి ఎప్పుడైనా మారవచ్చు, టీసీ వెంటనే ఇవ్వాలి. బాధ తొందరగా తగ్గుతుంది. కానీ ఏడుతోనో ఎనిమిదితోనో ఆ బడి అయిపోతుంది, మళ్లీ ఇదే హైస్కూలుకు రావాలి, అదీ పదో తరగతికి దగ్గరపడ్డాక. కొంతమంది పిల్లలకు ఆ రెండేళ్ల ఎదుగుదల మేలు చేస్తుంది. మీ అమ్మాయికి చేస్తుందా అన్నది మీకే బాగా తెలుస్తుంది.

అత్తగారు చెప్పిన దారి మాత్రం దారి కాదు. మిషన్ నేర్పండి, మంచిదే, వేసవి సెలవుల్లో నేర్పండి. చదువు ఆపి నేర్పేది కాదు. ఆమెతో వాదం పెట్టుకోకండి. ఆవిడ భయమంతా దూరం గురించి, ఆడపిల్ల గురించి. మనవరాలిని బస్సు దగ్గర దించి రావడం, సాయంత్రం బస్సు వేళకు ఎదురు వెళ్లడం ఆవిడకే అప్పజెప్పండి. తెలంగాణలో ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి ఖర్చు గొడవ రాదు. ఆవిడ కూడా ఒకరోజు బడి దాకా వెళ్లి చూసి రావచ్చు.

ఇంకో మాట కూడా అడగాలి, జాగ్రత్తగా. బస్సులో గానీ, బడిలో గానీ, దారిలో గానీ ఎవరైనా మీద చేయి వేయడం, ఇబ్బంది పెట్టే మాటలనడం, వెంటపడటం జరుగుతోందా అని. "అట్ల ఎవరన్నా చేస్తే తప్పు వాళ్లది, నీది కాదు, నిన్ను బడి మాన్పించను" అని ముందే చెప్పి అడగండి. ఆడపిల్లలు చెప్పకపోవడానికి పెద్ద కారణం బడి మాన్పిస్తారన్న భయమే. అలాంటిది ఏదైనా బయటపడితే దసరా దాకా ఆగవద్దు, ఆ రోజే హెచ్ఎంతో మాట్లాడండి, 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల హెల్ప్‌లైన్. తిండి బాగా తగ్గిపోయినా, రాత్రి నిద్ర పట్టకపోయినా, వారమంతా బడికి కదలకపోయినా, చచ్చిపోవాలని ఉంది లాంటి మాట అన్నా ఆగవద్దు. 14416కు ఫోన్ చేస్తే మానసిక నిపుణులు తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

పదకొండేళ్లు నిండాయి కాబట్టి పెద్దమనిషి అయ్యే సంగతి కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి. అది బడిలో జరిగితే ఏం చేయాలి, ఏ మేడంకు చెప్పాలి, బ్యాగులో ఏ అరలో ప్యాడ్, ఇంకో లోదుస్తు ఉన్నాయి అన్నది తనకు తెలిసి ఉండాలి. పై తరగతి అమ్మాయిల దగ్గర సగం సగం విని భయపడుతూ ఉండవచ్చు.

మీ ఆయన సంగతి చివర రాస్తున్నాను కానీ ముందు చేయవలసింది అదే. ఇది ఆగస్టు, ఖరీఫ్ కోతలు ఇంకా మొదలు కాలేదు. ఆయన ఇంట్లో ఉన్నప్పుడే ఇద్దరూ కలిసి క్లాస్ టీచరును కలవండి. ఒక సోమవారం ఆయనే అమ్మాయితో బస్సెక్కి బడి గేటు దాకా వెళ్లాలి. ఈ నెలంతా మేనత్త కూతురి పేరు ఇంట్లో పోలికకు ఎత్తవద్దని ఆయనకూ, ఆడబిడ్డకూ చెప్పండి. కోతలకు వెళ్లాక ప్రతి ఆదివారం సాయంత్రం ఆరు, ఏడు మధ్య ఫోన్ చేసి కూతురితో పది నిమిషాలు మాట్లాడమనండి, మార్కులు అడగకుండా. దసరా సెలవులు అయ్యాక బడి తెరిచే ముందు రోజు కడుపునొప్పి మళ్లీ రావచ్చు, చేసినదంతా వృథా అయిందని కంగారు పడకండి. సెలవుల తర్వాత అది మామూలే, మూడు నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. బడి తెరిచే ముందు రోజు మాత్రం ఆయన ఎక్కడున్నా ఫోన్ మరిచిపోకూడదు. దీపావళి దాటాక ఎలా ఉందో నాకు మళ్లీ రాయండి.